ఆర్.డిస్. కావలసిన పాట

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు గురించి నాకంటే బాగా చెప్పగలవారు వేదిక మీదే ఉన్నారు కనుక నేను అందులోకి వెళ్ళను. కార్యదర్శిగారు నన్ను "మీ అమెరికా అనుభవాలు ఒక పావుగంట చెప్పండి" అన్నారు. నయాగరా జలపాతం గురించి ఈ సభలో ఇప్పటికి ముగ్గురు చెప్పారు. నాలుగోసారి మిమ్మల్ని తడపడం నాకిష్టం లేదు. అందుచేత అక్కడ నేను విన్న ఒక గొంతు గురించి చెబుతాను. చాలా చిన్న గొంతు. ఫ్యాను తిరుగుతుంటే వినపడదు.

2023 వేసవిలో మా అమ్మాయి దగ్గరికి మిషిగన్ రాష్ట్రం వెళ్ళాను. వాళ్ళుండేది కాంటన్ అనే ఊరు. అక్కడికి కారులో అరగంట దూరంలో యాన్ ఆర్బర్ అని ఉంది. మా మనవరాలు అక్కడి విశ్వవిద్యాలయంలోనే చదువుతోంది. ఒక సాయంత్రం నన్ను కారులో తిప్పుతూ "తాతయ్యా, ఇది విను. ఈవిడ ఈ ఊళ్ళోనే నీలాగా ఆఫీసు ఉద్యోగం చేసింది" అని ఒక పాట పెట్టింది. నాకు ఇంగ్లీషు పాటలంటే పెద్ద అభిరుచి లేదు. డ్రమ్ములు, కేకలు ఉంటాయనుకుని సిద్ధపడ్డాను. అవేమీ లేవు. ఒక్క గిటారు, ఒక్క ఆడ గొంతు. అంతే. పక్కగదిలో ఎవరో తమ పని చేసుకుంటూ పాడుకుంటున్నట్టు ఉంది. మనకోసం పాడుతున్నట్టు కూడా లేదు. వినడం తప్పేమో అనిపించేటంత సొంతంగా ఉంది.

ఆవిడ పేరు కానీ కన్వర్స్. అసలు పేరు ఎలిజబెత్ ఈటన్ కన్వర్స్. 1924 ఆగస్టులో న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలోని లకోనియాలో పుట్టింది. తండ్రి బాప్టిస్టు మతబోధకుడు. మౌంట్ హోల్యోక్ అనే పేరున్న కళాశాలలో స్కాలర్‌షిప్పు మీద చేరి, రెండేళ్ళకే చదువు మానేసి న్యూయార్కు చేరుకుంది. అక్కడ ఒక ముద్రణాలయంలో ఉద్యోగం చేసుకుంటూ, ఖాళీ వేళల్లో గిటారు నేర్చుకుని, సొంతంగా పాటలు కట్టేది. "కానీ" అనే పేరు న్యూయార్కు వచ్చాక వచ్చిందే.

సొంతంగా పాటలు కట్టడంలో విశేషం ఏమిటని మీరడగవచ్చు. ఆ రోజుల్లో అమెరికాలో జానపద గీతాలు పాడేవారు చాలామంది పాత పాటలనే పాడేవారు. ఊళ్ళలో తాతల నాటినుంచి వస్తున్న బాణీలు సేకరించి సభల్లో వినిపించేవారు. మనవాళ్ళు పల్లెపాటలు సేకరించినట్టే. ఈవిడ అలా కాదు. జానపద బాణీలాంటి బాణీలో తన గదిని, తన వీధిని, తన ఒంటరితనాన్ని తానే పాట చేసుకుంది. ఒక పాట చీకట్లో ఎవరి దారిన వారు ఒక్కొక్కరుగా నడిచిపోయే మనుషుల గురించి. అది విని నాకు రిటైరయిన కొత్తలో సాయంత్రం వాహ్యాళికి వెళ్ళే మనవాళ్ళు గుర్తుకొచ్చారు.

ఇప్పుడు ఆ గొంతు గురించి. నేను సంగీతం చదువుకోలేదు. అయినా ఎందుకంత దగ్గరగా వినిపించిందని ఆలోచించాను. నా చిన్నప్పుడు మా ఊళ్ళో పద్యనాటకం వేస్తే, ఆఖరి వరసలో చెట్టెక్కి కూర్చున్నవాడికి కూడా పద్యం అందాలి. నటుడి గొంతు అందుకు తగ్గట్టు సాధన చేసి ఉండేది. గ్రామఫోను రికార్డుల సంగతీ మొదట్లో అంతే. 1925 ప్రాంతం వరకు విద్యుత్తుతో రికార్డు చేయడం లేదు. పాడేవారు ఒక పెద్ద గరాటా ముందు నిలబడి బిగ్గరగా పాడితే, ఆ శబ్దపు ఊపుకే సూది కదిలి మైనం మీద గీత పడాలి. మెల్లగా పాడితే గీతే పడదు. అంటే మెల్లని గొంతులవారికి చరిత్రలో చోటు లేదన్నమాట! మైకు వచ్చాక ఆ సంగతి మారింది. గొంతుకీ మైకుకీ మధ్య జానెడు దూరం ఉంటే చాలు, గుసగుస కూడా రికార్డవుతుంది. మన విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరులో మొదలయ్యాక లలిత సంగీతం అని మనం విన్నదంతా ఆ జానెడు దూరం చలవే. రేడియో గాయకుడు సభకు పాడడు. మీ గదిలో ఉన్న మీ ఒక్కరికే పాడతాడు.

కన్వర్స్‌కి ఆ మైకు కూడా స్టూడియోలో దొరకలేదు. ఒక అభిమాని ఇంట్లో దొరికింది. ఆయన పేరు జీన్ డైచ్. కార్టూను చిత్రాలు తీసేవాడు. తర్వాత రోజుల్లో ఆస్కార్ బహుమతి పొందిన చిత్రానికి దర్శకత్వం కూడా చేశాడు. ఆయనకు టేపురికార్డరు పిచ్చి. 1954లో హేస్టింగ్స్-ఆన్-హడ్సన్ అనే ఊళ్ళో ఆయన ఇంటికి స్నేహితులు చేరినప్పుడు ఈవిడ వచ్చి పాడితే, ఆయన టేపు తిప్పి ఊరుకున్నాడు. అందుకే ఆ పాటల్లో ఆ గది కూడా వినిపిస్తుంది. పక్క వాయిద్యాల మేళం లేదు, వంత లేదు. తప్పు వస్తే దాచుకునే చోటు లేదు. మాట మాత్రం ఎక్కడా నలగదు. ప్రతి అక్షరం శుభ్రంగా, మంచి టైపిస్టు కొట్టిన ఉత్తరంలా ఉంటుంది.

అదే సంవత్సరం టెలివిజన్‌లో వాల్టర్ క్రాంకైట్ ఉదయపు కార్యక్రమంలో కూడా ఒకసారి పాడింది. దానివల్ల ఏమీ కాలేదు. ఆవిడ జానపదమా, సినిమా పాటా, శాస్త్రీయమా? ఏ అరలోనూ ఇమడలేదు. ఏ సెక్షనుకూ చెందని కాగితం ఏమవుతుందో మనకు తెలుసు కదా! బల్లలు తిరిగి తిరిగి అలిసిపోతుంది. పదేళ్ళకు పైగా చూసి, 1961లో న్యూయార్కు వదిలిపెట్టింది. విచిత్రం ఏమిటంటే, అదే సంవత్సరం జనవరిలో బాబ్ డిలాన్ అనే ఇరవై ఏళ్ళు నిండని కుర్రవాడు గిటారు పట్టుకుని న్యూయార్కులో దిగాడు. సొంత పాట సొంతంగా పాడుకునే పద్ధతికి ఆ తర్వాత ప్రపంచమంతా బ్రహ్మరథం పట్టింది. ఈవిడ వెళ్ళే బస్సు, ఆ కుర్రవాడు వచ్చే బస్సు ఎదురెదురుగా దాటుకున్నట్టయింది.

ఆవిడ వచ్చింది యాన్ ఆర్బరుకే. తమ్ముడు ఫిలిప్ కన్వర్స్ అక్కడ రాజనీతి శాస్త్రంలో ప్రసిద్ధి చెందిన ఆచార్యుడు. ఈవిడ మొదట సెక్రటరీ ఉద్యోగం చేసింది. 1963 నుంచి సంఘర్షణల పరిష్కారం గురించిన ఒక పరిశోధన పత్రికకు మేనేజింగ్ ఎడిటరుగా పనిచేసింది. వచ్చిన వ్యాసాలు చదవడం, దిద్దడం, ప్రెస్సుకు పంపడం, ఉత్తరాలు రాయడం. మనం చేసిన పనిలాంటిదే. చాలా శ్రద్ధగా చేసిందట. 1968లో అదే పత్రికలో, అప్పటివరకు వచ్చిన సంచికలన్నిటినీ సమీక్షిస్తూ తానే ఒక పెద్ద వ్యాసం రాసింది. పాటలు మాత్రం తగ్గిపోయాయి. 1970ల మొదట్లో ఆ పత్రిక వేరే విశ్వవిద్యాలయానికి తరలిపోయింది. మనిషి అలసిపోయింది. స్నేహితులు చందాలు వేసుకుని కొన్ని నెలలు ఇంగ్లండు పంపారు. అయినా తేరుకోలేదు.

1974 ఆగస్టు. యాభై ఏళ్ళు నిండిన నెల. ఇంట్లోవారికి, స్నేహితులకు ఉత్తరాలు రాసి, తన చిన్న ఫోక్స్‌వ్యాగన్ కారులో సామాను పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎవరికీ కనిపించలేదు. ఆవిడ ఏమైందో నేటికీ తెలియదు. దాని గురించి ఊహాగానాలు చేయడం నాకు సభ్యతగా తోచదు. కనుక అక్కడ ఆపుతాను.

కాని పాట ఆగలేదు. అది ఎలా బతికిందన్నదే నేను మీకు చెప్పదలుచుకున్నది.

ఆవిడ వెళ్ళేముందు తన ఉత్తరాలు, రాతలు, ఇంట్లో తానే టేపు చేసుకున్న పాటలు, అన్నీ ఒక ఫైలింగ్ క్యాబినెట్‌లో ఒక క్రమంలో సర్ది వెళ్ళింది. ఆ ఇనుప బీరువాను తమ్ముడు తన గరాజులో పెట్టుకుని అలాగే కాపాడాడు. అక్కడ జీన్ డైచ్ 1959లో ఐరోపాలోని ప్రాగ్ నగరానికి వెళ్ళిపోతూ తన టేపులు వెంట తీసుకుపోయాడు. 2004 జనవరిలో ఆయనను ఒక న్యూయార్కు రేడియో కార్యక్రమానికి పిలిస్తే, పాత టేపుల్లోంచి కన్వర్స్ పాట ఒకటి వినిపించాడు. రికార్డయిన యాభై ఏళ్ళకు! ఆ ప్రసారం విన్న డ్యాన్ జులా అనే ఒక యువకుడు ఊరుకోలేకపోయాడు. మిత్రుడితో కలిసి ప్రాగ్‌లో ఉన్న టేపులు, యాన్ ఆర్బర్ బీరువాలో ఉన్న టేపులు సేకరించి, 2009లో ఆల్బంగా విడుదల చేశాడు. ఆవిడ జీవితం మీద హోవర్డ్ ఫిష్‌మన్ రాసిన పెద్ద పుస్తకం నేను అక్కడికి వెళ్ళిన సంవత్సరమే వచ్చింది. మా మనవరాలు దాన్ని చదువుతూ రోజుకింత నాకు చెప్పేది.

మిత్రులారా, నేను ముప్ఫై ఆరు సంవత్సరాలు రెవెన్యూ శాఖలో పనిచేశాను. ఎల్.డి.సి.గా చేరి సూపరింటెండెంటుగా దిగాను. రికార్డు రూములో నాలుగేళ్ళు ఉన్నాను. మీలో చాలామందికి తెలుసు. ఫైలు ముగిశాక మనం దానిమీద ఒక ముద్ర వేస్తాం. ఎల్.డిస్. అంటే ఏడాది ఉంచి తీసేయదగినది. డి.డిస్. అంటే పదేళ్ళు. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచవలసినది. ఏ కాగితం ఏదో నిర్ణయించేది పెద్ద అధికారి అని లోకం అనుకుంటుంది. నిజానికి నోటు రాసిన గుమాస్తాయే. ఆయన చేతిలో ఆ క్షణాన ఒక అక్షరం మారితే, ఒక కుటుంబం భూమి కాగితం ముప్ఫై ఏళ్ళ తర్వాత దొరుకుతుంది, లేదా దొరకదు.

నేను ఆఫీసులో ఆ అక్షరం ఏనాడూ తప్పు వేయలేదని ధైర్యంగా చెప్పగలను. ఇంట్లో వేశాను. అది చెప్పడానికే ఇవాళ ఈ మైకు ముందు నిలబడ్డాను.

మా ఇంటావిడ మీలో కొందరికి తెలుసు. సంఘం పిక్నిక్కులకు పులిహోర చేసి తెచ్చేది. 2015లో కాలం చేసింది. ఆవిడ పాడుతుందని మాత్రం మీకెవరికీ తెలిసి ఉండదు. పేరంటాల్లో అడిగితే పాడేది కాదు. "నాకు గొంతు లేదమ్మా" అనేది. ఇంట్లో మాత్రం బియ్యం ఏరుతున్నప్పుడు, పిల్లల్ని పడుకోబెడుతున్నప్పుడు పాడేది. పాత లాలిపాటల బాణీల్లో సొంత మాటలు. అటక మీద పిల్లి ఈనితే దాని మీద పాట. జీతం మూడో తారీకుకే ఖర్చయిపోతే దాని మీద పాట. నేను క్యాంపుకు వెళ్ళి రాత్రి ఆలస్యంగా వస్తే, ఆఖరి బస్సు మీద పాట. కాగితం మీద ఒక్కటీ రాయలేదు. ఎవరైనా గుమ్మంలోకి వస్తే ఆపేసేది.

1985లో పండగ అడ్వాన్సుకు కొంత చేర్చి ఒక టూ ఇన్ వన్ కొన్నాను. ఒకరోజు సాయంత్రం దాన్ని వంటింటి కిటికీలో పెట్టి, ఆవిడకు తెలియకుండా రికార్డు మీట నొక్కి వచ్చాను. ఇరవై నిమిషాలు పైనే వచ్చింది. రాత్రి పిల్లలు పడుకున్నాక వినిపిస్తే సిగ్గుపడిపోయింది. "ఇదేం గొంతండీ, చెరిపేయండి" అంది. కానీ ఆఖరి దాకా విన్నది. నేను చెరపలేదు. చెరపలేదు కాని, ఆ కేసెట్టు మీద ఏమీ రాయలేదు కూడా. పేరు లేదు, తేదీ లేదు. రికార్డు రూములో పనిచేసినవాడిని!

మూడేళ్ళ తర్వాత మన ఉద్యోగ సంఘం వార్షికోత్సవంలో నన్ను మాట్లాడమన్నారు. మధ్యంతర భృతి మీద. నా మొదటి పెద్ద ప్రసంగం. అది రికార్డు చేసుకోవాలని ఉబలాటం. బయలుదేరే వేళకు ఇంట్లో ఖాళీ కేసెట్టు లేదు. సొరుగులో చేతికందిన, పేరులేని కేసెట్టు తీసుకుని పోయాను. అది ఏ కేసెట్టో నాకు తెలుసు. నేను అబద్ధం చెప్పను. ఒక్క క్షణం ఆలోచించాను కూడా. "ఆవిడ ఎప్పుడూ పాడుతూనే ఉంటుంది కదా, మళ్ళీ చేసుకోవచ్చు" అనుకున్నాను. నా ప్రసంగం ఆర్.డిస్. అనుకున్నాను. ఆవిడ పాట ఎల్.డిస్. అనుకున్నాను.

మళ్ళీ చేయలేదు. పిల్లల చదువులు, బదిలీలు, నా సంఘం పనులు. ఆవిడ ఎప్పుడూ ఆ కేసెట్టు గురించి అడగలేదు. అడగలేదు కనుక పట్టించుకోలేదనుకున్నాను. ఇప్పుడు ఆ మాట నిజమని అనుకోలేకపోతున్నాను.

యాన్ ఆర్బరులో ఆ కారులో పాట వింటుంటే నాకు ముందు గుర్తుకొచ్చింది వంటింటి కిటికీ. మనవరాలికి చెప్పలేకపోయాను. "నచ్చిందా తాతయ్యా?" అంటే, "ఇంకోసారి పెట్టమ్మా" అన్నాను.

తిరిగి వచ్చిన వారమే అటక దించాను. కేసెట్టు దొరికింది. టేపు అంటుకుపోయి ఉంటుందని భయపడ్డాను. మా అబ్బాయి స్నేహితుడు ఒకరు పాత టేపులను ఫోనులోకి ఎక్కించి ఇస్తారు. ఆయన దగ్గర కూర్చుని విన్నాను. మొదట నా ప్రసంగం. పంతొమ్మిది నిమిషాలు. మహా ఆవేశంగా ఉంది. చప్పట్లు కూడా ఉన్నాయి. ఒక్క ముక్క ఇప్పుడు ఎవరికీ పనికిరాదు. ఆ మధ్యంతర భృతి ఆ తర్వాత ఎన్ని పి.ఆర్.సి.ల్లో కలిసిపోయిందో! చప్పట్ల మధ్యలో టక్‌మని చప్పుడు. అక్కడ నేను రికార్డరు ఆపాను. నా ప్రసంగం ఆవిడ పాటకన్నా కాస్త పొట్టిది కావడం వల్ల, ఆ వెనకాల పాత రికార్డు కొంచెం మిగిలిపోయింది. నలభై సెకన్లు. గిన్నెల చప్పుడు. ఆవిడ గొంతు. ఆఖరి బస్సు పాట, చివరి ముక్క. తర్వాత "ఏమండీ, పాలు పొంగుతున్నాయేమో చూడండి" అని మాట. అంతే.

మా అమ్మాయికి పంపాను. ఫోనులోనే ఏడ్చింది. తర్వాత ఆ పాట మొదటి చరణం తనకు గుర్తుందని పాడి పంపింది. మా అబ్బాయికి రెండో చరణం సగం గుర్తుంది. బాణీ విషయంలో ఇద్దరికీ తగువు. ఇప్పుడు ఆ ముక్కలు కలుపుతున్నాం. పిల్లి పాట ఎవరికీ గుర్తులేదు. జీతం పాటలో పల్లవి మాత్రం నాకు తెలుసు. అది నా మీద కట్టినదే కనుక.

కన్వర్స్ పాట బతకడానికి ముగ్గురు మనుషులు కారణం. టేపు తిప్పినవాడు, బీరువా పారేయనివాడు, విని ఊరుకోనివాడు. వారిలో ఎవరికీ ఆవిడ గొప్ప కళాకారిణి అని ప్రభుత్వం సర్టిఫికెట్టు ఇవ్వలేదు. అన్నిటికన్నా ముందు ఆవిడే తన కాగితాలు వరసగా సర్దుకుంది. మా ఇంటావిడ పాట పోవడానికి ఒక్క మనిషి చాలాడు.

కనుక సంఘ సభ్యులకు నా మనవి ఇది. మనం ఏటా బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్టు ఇస్తున్నాం. ఇప్పుడు వేలిముద్ర వేస్తే చాలు, కంప్యూటరే ఒప్పుకుంటోంది. మీ ఇంట్లో ఉన్న గొంతులకు కూడా ఒక లైఫ్ సర్టిఫికెట్టు తీయండి. మీ చేతిలో ఫోను ఉంది. ఖర్చు లేదు. బల్ల మీద పెట్టి, ఫ్యాను ఆపి, కూర్చోండి. పాటే కానక్కరలేదు. మీ అక్క చెప్పే కథ, మీ అమ్మగారి తిట్టు, ఏదైనా సరే. వారు వద్దంటే వినిపించకండి. కాని అడిగి చూడండి. నేను దొంగచాటుగా చేశాను, అదీ తప్పే. ముందే అడిగి ఉంటే, నాలుగుసార్లు వద్దని అయిదోసారి ఒప్పుకునేదేమో.

చేశాక మాత్రం గుమాస్తా పని మరిచిపోకండి. ఎవరి గొంతు, ఏ తేదీ, ఏ ఊరు అన్నది మొదట మీ గొంతుతోనే చెప్పండి. ఒక నోటుపుస్తకంలో వరస సంఖ్య వేసి రాయండి. రెండో కాపీ ఇంకొకరి దగ్గర ఉంచండి. పేరులేని కేసెట్టు ఖాళీ కేసెట్టుతో సమానం. ఇది అనుభవంతో చెబుతున్న మాట.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. పావుగంట దాటింది. క్షమించాలి. నా ప్రసంగం ఈసారి ఎవరైనా రికార్డు చేస్తుంటే ఆపేయండి, దయచేసి. దీనికి ఎల్.డిస్. చాలు.

చివరగా, ఆ నలభై సెకన్లు మీకు వినిపించడానికి మా పిల్లల అనుమతి తీసుకున్నాను. ఆవిడ అనుమతి తీసుకునే వీలు లేదు. కోప్పడుతుందనే అనుకుంటున్నాను. అయినా వినిపిస్తాను. మైకు పెంచవద్దు. ఆవిడ గొంతు ఉన్నంతే ఉండనివ్వండి. తలుపు దగ్గర ఉన్నవారు ఒక్క నిమిషం ఆ ఫ్యాన్లు కట్టేయవలసిందిగా కోరుతున్నాను.